ఐదు నిమిషాల కొవ్వొత్తి

ఆ రోజుల్లో పొదుపంటే వస్తువును వాడకుండా దాచుకోవడమేనని నాకు గట్టి నమ్మకం ఉండేది. కొత్త చీర ఏ పెళ్ళికో, మంచి సబ్బు ఏ చుట్టాలొచ్చినప్పటికో అని దాచి, చివరికి చీర మడతల్లో చిరిగి, సబ్బు వాసన పోయాక బాధపడే రకాన్ని. అలాంటి నాకు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా టీమ్ మేడం ఒక సువాసన కొవ్వొత్తి బహుమతిగా ఇచ్చారు. పొట్టి గాజు సీసా, అందులో లేత ఊదారంగు మైనం, మూత తీస్తే లావెండర్ వాసన. దబీర్‌పురాలోని మా ఇంటికి అటువంటి వస్తువు రావడం అదే మొదలు.

మా ఇంటి వాసన వేరు. మా పెద్దమ్మ (నన్ను పెంచింది ఆమే) లాడ్ బజార్ దుకాణాల కోసం లక్క గాజులకు రాళ్ళు అతికించేది. తెల్లారితే ముందు గదిలో బొగ్గుల కుంపటి, దానిమీద ఇనుపరేకు, కరిగే లక్క వాసన. అది నా బట్టలకు పట్టి ఆఫీసు దాకా వస్తుందేమోనని లోలోపల సిగ్గుపడేదాన్ని (ఆ గాజులతోనే నా చదువు సాగిందన్న సంగతి అప్పట్లో గుర్తుకొచ్చేది కాదు). అందుకే సాయంత్రం ఇంటికి రాగానే కొవ్వొత్తి వెలిగించి, కళ్ళు మూసుకుని సరిగ్గా ఐదు నిమిషాలు వాసన పీల్చి, అయిపోతుందేమోనన్న భయంతో ఉఫ్‌మని ఊదేసేదాన్ని. పెద్దమ్మ కుంపటి దగ్గర నుంచి చూసి, "ఏందే గీ వెలిగించుడు, ఊదుడు? దినాం నీ పుట్టినరోజేనా?" అనేది. "నీకు తెల్వదు పెద్దమ్మా, గిది మస్తు ఖరీదైంది. జర జర వాడాలె" అని ఆమెకు పాఠం చెప్పేదాన్ని.

ఇంతలో మేడం ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తానన్నారు. నేను ఎవరూ అడక్కుండానే, "మీరిచ్చిన కొవ్వొత్తి రోజూ వెలిగిస్తాను మేడం, ఇల్లంతా అదే వాసన" అని గొప్పలు పోయాను. ఆ ఆదివారం పొద్దున్నే పెద్దమ్మతో, "ఇయ్యాల కుంపటి ముట్టియ్యకు, వాసనొస్తది" అన్నాను. ఆమె కుంపటి తీసుకెళ్ళి పెరట్లో పెట్టింది. తీరా నేను కొవ్వొత్తి వెలిగించబోతే అది అంటుకోదు. నా ఐదు నిమిషాల పొదుపు పుణ్యమా అని మధ్యలో బావిలాంటి గొయ్యి పడింది. చుట్టూ మైనం చెక్కుచెదరలేదు. అడుగున వత్తి మాత్రం మైనంలో మునిగి తల చూపడం లేదు. అగ్గిపెట్టె సగం ఖాళీ చేసి, మేడం ముందు పరువు పోయినట్టేనని గడప మీద కూర్చుని ఏడుపు మొదలుపెట్టాను.

"ఇటు తే" అంది పెద్దమ్మ. సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. "గిది గూడ లక్క లెక్కనేనే. నడుమ ఒక్కతాన సెగ తాకితే గుంత వడ్తది. అంచుల దాంక కరగనియ్యాలె, అప్పుడు ఆర్పాలె."

"మరి ముందే చెప్పొద్దా పెద్దమ్మా?"

"నాకు తెల్వదంటివి గదా బిడ్డా."

రాళ్ళు పట్టే చిమటాతో వత్తి చుట్టూ మైనం గీకి, దాన్ని బయటికి లాగి, కొసన నల్లగా కాలిన ముక్క కత్తిరించింది. నా చపాతీలు చుట్టే ఫాయిల్‌ను సీసా మూతికి టోపీలా తొడిగి, నడుమ రూపాయి బిళ్ళంత కంత ఉంచి వెలిగించింది. గంటన్నరలో వేడికి అంచులు కరిగి, పైన మైనమంతా చెరువులా సమంగా నిండింది. మేడం అడుగుపెట్టేసరికి ఇల్లు గుమగుమలాడుతోంది.

ఆవిడ సీసా దగ్గరికెళ్ళి, "నాకైతే ఎప్పుడూ మధ్యలో గొయ్యి పడుతుంది, సగం మైనం పారేస్తాను. నువ్వింత సమంగా ఎలా కాల్చావు?" అని అడిగారు. పెద్దమ్మ మంచినీళ్ళ గ్లాసుతో పక్కనే నిలబడి ఉంది. నేను, "వీడియో చూసి నేర్చుకున్నాను మేడం" అన్నాను.

పెద్దమ్మ నావైపు ఒక్కసారి చూసింది. "అవునమ్మా, మా పిల్లకు మస్తు తెలివి" అంది. అందులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, నాకు ఆ పూట అన్నం దిగేది.

ఆ ఒక్క కొవ్వొత్తిని ఆమె ఎంత వాడిందో తల్చుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. గీకిన మైనాన్ని గుడ్డముక్కల్లో మూటకట్టి చీరల మధ్య పెట్టింది. అడుగున మిగిలిన ముక్కను బీరువాలో బిగుసుకున్న సొరుగుకు రుద్దితే అది జారుడుబల్లలా నడిచింది. ఖాళీ సీసాను వేడినీళ్ళతో కడిగి గులాబీ రంగు రాళ్ళు పోసుకుంది.

ఆ సీసా ఇప్పుడు నా ఇంట్లో ఉంది, పెద్దమ్మ లేదు. నేనిప్పుడు ఏ కొవ్వొత్తి వెలిగించినా మైనం అంచు తాకేదాకా ఆర్పను. ఇంత సమంగా ఎలా కాలిందని ఇంటికొచ్చినవాళ్ళు ఎవరైనా అడిగితే పెద్దమ్మ పేరు చెబుదామని ఎన్నో ఏళ్ళుగా కాచుకుని ఉన్నాను. ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.