బూడిద పళ్ళెం

నా చిన్నప్పుడు పలాస పక్కనున్న మా ఊళ్ళో వేసవి వచ్చిందంటే ప్రతి అరుగు మీదా జీడిపిక్కలు కొట్టేవారు. పెంకులోంచి కారే రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. అందుకని ఆడవాళ్ళు పక్కన ఓ పళ్ళెంలో పొయ్యి బూడిద పెట్టుకుని, మాటిమాటికీ వేళ్ళు అద్దుకునేవారు.

పక్కింటి అక్క మా మామ్మతో పాటు మా అరుగు మీదే కొట్టేది. టెక్కలిలో కుట్టుపని నేర్చుకుంది, ఓ వేసవిలో దాని పరీక్ష దగ్గరపడింది. ఆ వారమే ఓ రోజు నేను జీడిపప్పు దొంగతనంగా తింటుంటే మామ్మకు చెప్పేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు అక్క పళ్ళెంలో బూడిద చాలావరకు పారబోసి, బండిదారి దుమ్ము కలిపి పెట్టాను. కాస్త మండితే చాలనుకున్నాను.

సాయంత్రానికి ఆమె వేళ్ళన్నీ బొబ్బలు. రెండో రోజుకి తోలు ఊడింది. సూది పట్టుకోలేక పరీక్షకు వెళ్ళలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా పాపం దాని కర్మ అన్నారు. ఆ మాట వినగానే నాకెంత హాయి అనిపించిందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేనూ గొంతు కలిపి, అవును, అక్క కర్మే అన్నాను.

మామ్మ నా వైపు ఓసారి చూసింది. అందరూ వెళ్ళాక ఆ పళ్ళెం తెచ్చి, చిటికెడు నా అరచేతిలో వేసి నలపమంది. ఇసుక గరగరలాడింది. తిట్టలేదు, కొట్టలేదు.

"దాని సేతులు మానేదాకా నీ సేతులే దానివి. ఎల్లు," అంది.

పదిహేను రోజులు అక్కకు అన్నం కలిపి తినిపించాను, జడ వేశాను. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. తినేముందు అక్క కళ్ళు మూసుకుని చేసే ప్రార్థనలో, ఇంత మంచి పిల్లను తోడిచ్చినందుకు దేవుడికి వందనాలు చెప్పేది. నిజం చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. ముద్ద పెట్టి ఊరుకునేదాన్ని.

ఆ పరీక్షకు అక్క మళ్ళీ వెళ్ళనేలేదు. మరుసటి వేసవికి మా అరుగు మీదే కూర్చుని, ఖాళీ పళ్ళెం నా చేతికిచ్చింది.

"బూడిద నువ్వే అట్టుకురా. నువ్వైతే బాగా జల్లిత్తావు."

తెలిసి అందో, తెలియక అందో నాకీనాటికీ తెలియదు. మూడుసార్లు జల్లించి తెచ్చాను. మచ్చలు పడ్డ వేళ్ళు అందులో అద్దుకుని ఆమె పని మొదలుపెట్టింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరికి కష్టం వచ్చినా పదిమందీ కర్మ అంటారు. ఆ మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ముందు నా చేతులకేసి చూసుకుంటాను.