కాయకోతల కాలంలో నాలుగో తరగతి

నాకు కుదురు లేదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. అన్నం తింటూ తింటూ లేచి వాకిట్లో తిరిగొచ్చేదాన్నట. టీచరు ఉద్యోగం వచ్చి, ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊరి బడిలో వేశాక ఆ గుణమే పనికొచ్చింది. రెండు గదులు, అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లం. అందులో రెండో ఆయన్ని డిప్యుటేషన్ మీద ఇంకో బడికి తీసుకుపోయారు. మిగిలింది నేనొక్కదాన్నే. కాసేపు కుర్చీలో కూర్చుంటే చాలు, ఏదో ఒక తరగతి చేయి జారిపోతుంది.

సాయంత్రం కిరాయి గదికి రాగానే మర్నాటికి లెసన్ ప్లాన్ రాసుకునేదాన్ని. ట్రైనింగులో నేర్పిన ప్లానులో ఒక టీచరు, ఒక తరగతి, ఒక పాఠం ఉంటాయి. నా బోర్డుకేమో నాలుగు భాగాలు. ఒకటి, రెండు తరగతులను కలిపి ఒక మూల అక్షరాలు, ఆ పక్కన మూడుకు లెక్కలు, మిగిలిన చోట నాలుగుకూ అయిదుకూ పాఠాలు. ఒక వరుసకు చెబుతున్నంతసేపు మిగతా వరుసల చేతిలో ఏదో ఒక పని ఉండాలి. లేకపోతే గది సంత అయిపోతుంది. రాసింది రాసినట్టు జరిగిన రోజు ఒక్కటీ గుర్తులేదు. అయినా రాసుకోకుండా బడికి పోవాలంటే భయం.

మొదట్లో బెత్తంతో బల్ల మీద కొట్టేదాన్ని. పిల్లలు గప్‌చిప్ అయిపోయి నావైపు కాకుండా తలుపు బయటికి చూసేవాళ్లు. ఒకరోజు తలనొప్పితో విసిగిపోయి, "అందరూ కళ్లు మూసుకోండి. నేను చెప్పేదాకా తెరవొద్దు" అన్నాను. నాకు కాస్త ఊపిరి పీల్చుకునే వీలు కావాలని తప్ప అందులో ఏ పద్ధతీ లేదు. గది మెల్లగా సద్దుమణిగింది. బయట మధ్యాహ్న భోజనం వండే గదిలో గిన్నెల చప్పుడు వినపడింది. తెరవమన్నాక పిల్లలు బోర్డు వైపు చూశారు. అప్పటి నుంచి మా బడి రోజూ అట్లాగే మొదలయ్యేది. వాళ్లు కళ్లు మూసుకున్నంతసేపూ నేను హడావిడిగా బోర్డు నింపేదాన్ని. నేను మాత్రం ఏనాడూ మూసుకోలేదు.

ఆ కాసేపట్లో ఒంటికన్ను తెరిచి దొంగచూపులు చూడనిది ఒక్కతే, నాలుగో తరగతి అమ్మాయి. తెరవమన్నాక కూడా మూసుకునే ఉండేది. నిద్రపోతోందని ఒకసారి కసిరాను.

"నిద్ర కాదు మేడమ్, నిన్నటి పాఠం చూస్తున్న" అంది.

ఆ ఏడాది మొదట్లో కూడబలుక్కుంటూ చదివిన పిల్ల చలి మొదలయ్యేసరికి గడగడా చదివేసింది. మా ఊళ్లో అయిదు దాటితే బడి లేదు. ఆరుకు అడవి దారిన పక్క ఊరికి నడవాలి. ఆడపిల్లలను ఎవరూ పంపరు, వాళ్ల చదువు అక్కడితో సరి. గురుకులంలో సీటు వస్తే మాత్రం హాస్టలూ చదువూ రెండూ దొరుకుతాయి. అక్కడ అయిదులోనే చేర్చుకుంటారు కాబట్టి నాలుగులో ఉండగానే దానికి పరీక్ష రాయాలి. మా బడి నుంచి సీటు తెచ్చుకున్న ఆడపిల్ల అప్పటికి లేదు. ఈ పిల్ల తెచ్చుకుంటుందని నాకు గట్టిగా అనిపించింది. ఇక నాకు నిద్ర పట్టేది కాదు.

పరీక్ష పడేది సరిగ్గా మిరపకాయ కోతల్లో. అప్పుడు మా అడవి ఊళ్ల వాళ్లు ముఠాలు కట్టి కల్లూరు, సత్తుపల్లి వైపు తోటలకు పోతారు. ఇళ్లకు తాళాలేసి గిన్నెలు, కోళ్లు, చంటిపిల్లలతో సహా ట్రాలీ ఆటో ఎక్కుతారు. తల్లులు కాయ కోస్తుంటే చంటివాళ్లను ఎత్తుకోవడానికి బడిపిల్లలు కావాలి. ఆ రోజుల్లో నా ప్లాను ఉంటుంది, పిల్లలు ఉండరు.

అసలు మంట ఇంకోటి ఉంది. ఆ తోటల్లో ఒకటి మాది. మా తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కల్లూరు దగ్గర భూమి కొన్న కుటుంబం మాది. ఇప్పుడు సాగు అన్నయ్య చేతిలో ఉంది. నేను ఈ ఊళ్లో చేరాక ముఠా కోసం తిరిగే పని ఆయనకు తప్పింది. ఏటా నాకే ఫోన్ చేస్తాడు.

"ఏమ్మా, కాయ పండిపోయింది. మీ ఊరి ముఠాను జల్దీ పంపమని మేస్త్రికి చెప్పు."

"పిల్లలను బడిలో వదిలేసి రమ్మంటే చెప్తా అన్నయ్యా."

"నేను పిల్లలను పిలిచానా? కూలోళ్లను పిలిచాను. వాళ్లు వెంట తెచ్చుకుంటే నన్నేం చెయ్యమంటావ్?"

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఒళ్లు మండింది.

అమ్మాయి వాళ్లింటికి పోయి, పరీక్ష అయ్యేదాకా పిల్లను నా గదిలో ఉంచమని వాళ్లమ్మను బతిమాలాను.

"మీతాన ఉంచేతందుకు నాకేం భయం లేదు మేడమ్. మరి చిన్నదాన్ని ఎవరు ఎత్తుకోవాలె? చెట్టుకు ఉయ్యాల కట్టి నేను సాళ్లల్ల పడితే చీమలు పడ్తయ్. పోయినేడు గట్లనే అయింది" అందామె.

అమ్మాయి అప్పటికే చెల్లిని నడుమున ఎత్తుకుని నిలబడి ఉంది. "నేను లేకుంటే ఇది తినది మేడమ్" అంది. గదికొచ్చి ప్లాను మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. కష్టమైన పాఠాలన్నీ ముఠా బయల్దేరేలోపు ముందుకు లాగాను. మిగిలినవి నేనే తోటకు మోసుకుపోదామనుకున్నాను.

ముఠా ఆ ఏడూ మా తోటకే పోయింది. శనివారం బడి కాగానే కల్లూరు బస్సెక్కేదాన్ని. తన కోసమే వస్తున్నానని అమ్మ సంబరపడింది. ఆదివారాలు మా కల్లం పక్కన రేకుల షెడ్డులో అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పేదాన్ని. చెల్లి ఆమె ఒళ్లో నిద్రపోయేది. రెండు వారాలకు చుట్టుపక్కల తోటల పిల్లలూ చేరారు.

"ఇదేంది, తోటలో బడి పెట్టావా? కోసేవాళ్లు కూడా ఇటే చూస్తున్నారు" అన్నాడు అన్నయ్య.

"చూడనీ" అన్నాను. ఆయన గొణుక్కుంటూ పోయాడు. వదిన మాత్రం పిల్లలందరికీ మరమరాలు పంపింది.

పరీక్ష ఆదివారం, కొత్తగూడెంలో. ముందు రోజు నేను తోటకు చేరేసరికి ఆకాశం మబ్బేసి ఉంది. కల్లంలో ఎండిన కాయ ఎర్రగా పరిచి ఉంది. నాలుగు చినుకులు పడితే రంగు పోతుంది, ఏడాది కష్టం తాలుకాయ కింద సగం ధరకు పోతుంది. అందరూ పరుగెత్తారు. నేనూ కొంగు బిగించి పార అందుకున్నాను. నా పక్కనే అమ్మాయి రెండు చేతులతో కాయ ఎత్తి బస్తాలో పోస్తోంది. వద్దని చెప్పాలని నాకు తోచనే లేదు. మిరప ఇంట్లో పుట్టినదాన్ని, మబ్బు చూస్తే ముందు కాయే కనబడుతుంది.

కాయ మీద టార్పాలిన్ పట్టాలు కప్పాక గాని, కారానికి ఎర్రగా కందిన ఆ పిల్ల చేతులు చూడలేదు. వదిన మజ్జిగతో కడిగింది, నూనె రాసింది. చెల్లిని వదినకు అప్పజెప్పి పొద్దున్నే తల్లాడ మీదుగా బస్సులో పోతుంటే, "మంట తగ్గింది మేడమ్" అని అమ్మాయి నవ్వింది.

ఆమె లోపలికి పోయాక పరీక్ష సెంటరు గేటు ముందు నేను ఒక్కచోట నిలబడలేకపోయాను. ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాను.

"ఏంది మేడమ్, పరీక్ష మీరు రాస్తున్రా?" అన్నాడు వాచ్‌మెన్.

అమ్మాయి ఎర్రగా ఉబ్బిన కళ్లతో బయటికొచ్చింది. లోపల చెమట పడితే చేత్తో తుడుచుకుందట.

"కండ్లు మండినయ్ మేడమ్. పేపర్ కనబడలే. మన బడిల లెక్క కండ్లు మూసుకుని కూసున్న. తగ్గినంక తెరిచి, వచ్చినయన్నీ రాసిన. టైం అయిపోయింది, చివరి పేజీ మిగిలింది."

కుళాయి దగ్గరికి తీసుకుపోయి కళ్లు కడిగాను. కడుగుతూ నేనూ ఏడ్చాను.

"మీకు గూడ మండుతున్నయా మేడమ్?"

"అవ్" అన్నాను.

సీటు రాలేదు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక గదంతా తిరిగాను. చివరికి అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఇకనుంచి ముఠా కావాలంటే చంటిపిల్లలను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టు, కోసేవాళ్లతో సమానంగా కూలి ఇవ్వు. లేకపోతే మేస్త్రికి నేను చెప్పను, ఇంకెవర్నీ చెప్పనివ్వను."

"నీకు వాళ్లు ఎక్కువా, నేనా?" అన్నాడు. నేను బదులు చెప్పకముందే పెట్టేశాడు. వేసవంతా మళ్లీ మాట్లాడలేదు. సెలవులకు ఇంటికి పోతే భోజనాల దగ్గర తల ఎత్తలేదు.

జూన్‌లో బడి తెరిచాం. అమ్మాయి అయిదో తరగతి వరుసలో కూర్చుంది. ఆరుకు గురుకులం పరీక్ష ఇంకొక్కటి ఉంది, అదీ కోతల్లోనే పడుతుంది. చెల్లి ఇప్పుడు ఆమె వేలు పట్టుకుని నడుస్తోంది. పిల్లలు గోల చేస్తున్నారు. కళ్లు మూసుకోమని చెప్పాలి. ఆమె ముఖం చూస్తూ ఎట్లా అనను?

ఆమే లేచి నిలబడింది. "అందరు కండ్లు మూసుకోండి" అంది. తర్వాత నావైపు తిరిగి, "మేడమ్, మీరు గూడ" అంది.

బోర్డు ఖాళీగా ఉంది. సుద్ద బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాను. గిన్నెల చప్పుడు వినపడింది. బ్యాగులో ఫోన్ మోగింది. మిరప నారుకు మడి దున్నే రోజులు, ముఠా మాట అప్పుడే మొదలవుతుంది. ఇంత పొద్దున్నే నాకు ఫోన్ చేసేది అన్నయ్య ఒక్కడే.

ఆగుతాడులే అనుకుని కళ్లు తెరవలేదు.