ఖాళీ ల్యాబు నుంచి వచ్చిన జవాబు

మా నాన్న ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. గోదావరిఖనిలో మేము పెరిగిన కాలనీలో దయ్యం కథ లేని ఇల్లు ఉండేది కాదు. ఫలానా బాయిలో ఫలానా మనిషి పోయాడు, ఇప్పటికీ మొదటి షిఫ్టులో అతని దగ్గు వినిపిస్తుంది, ఇలాంటివి. నాన్న మాత్రం నవ్వేవాడు. "బాయిల పైకప్పుకు భయపడాలె గానీ, దయ్యానికేంది బిడ్డా" అనేవాడు. నేనూ ఆయన కూతుర్నే. ఆదివారం చర్చికి వెళ్తాను, మిగతా ఆరు రోజులు కంప్యూటర్లు, నెట్‌వర్కులు బాగుచేస్తాను. దయ్యాలను ఎప్పుడూ నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పలేను.

జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను.

మా ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు కాలేజీ ఉంది. పేరు చెప్పను. నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనికి దగ్గరగా ఉండటం వల్ల బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా కిటికీలు అదురుతాయి. పై అంతస్తులో చివర ఉన్న రెండో కంప్యూటర్ ల్యాబు గోడ అలాగే పగిలింది. రెండేళ్ల కిందట ఆ గదిని మూసేశారు. కరెంటు తీసేశారు, అద్దాలు పగలకుండా కిటికీలకు రేకులు కొట్టారు.

ఆ ల్యాబును నడిపిన సరళ మేడమ్ కూడా ఆ ఏడే పోయింది. కిడ్నీ జబ్బు. డయాలసిస్ చేయించుకుంటూనే పాఠాలు చెప్పేది. చివరి నెలల్లో మెట్లెక్కడం కష్టమైతే, కాలేజీ వాచ్‌మన్ అంజయ్య కాక ఆమె సంచి పట్టుకుని రెండు మెట్లు వెనక నడిచేవాడు, తూలితే పట్టుకోవడానికి. అంజయ్య కాక కూడా రిటైరైన బాయి మనిషే. నాన్నతో కలిసి పనిచేశాడు, నాకు బాబాయి లాంటివాడు. ఏళ్లతరబడి డ్రిల్లింగ్ మోతలో ఉండి చెవులు సరిగా వినిపించవు. కమాన్‌పూర్ దగ్గర నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు.

ఆ ల్యాబులోని కంప్యూటర్లను పాత సామాను కింద పంపించేసింది నేనే. ఒక్కోదాన్నీ విప్పి, లోపలి డిస్కులు తీసి, డొక్కుల్ని ఆటోలో ఎక్కించాను. సరళ మేడమ్ వాడిన మిషన్‌తో సహా. ఆ మిషన్‌కు ఆమే పేరు పెట్టుకుంది, ఇంగ్లిష్ అక్షరాల్లో 'సరళ-ల్యాబ్2' అని. ఇది ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మే నెల. ఎండ నలభై అయిదు దాటిన రోజు. పిల్లలకు సెలవులు. కాలేజీలో ఫైర్‌వాల్ పెట్టమని ప్రిన్సిపాల్ పిలిచారు. బయటి ఇంటర్నెట్‌కూ లోపలి కంప్యూటర్లకూ మధ్య కాపలా కాసే మిషన్ అది. దానికోసం ఎవరైనా ఉచితంగా వాడుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. నేను దాన్నే ఒక పాత కంప్యూటర్లో ఎక్కించాను. చిక్కల్లా ఒకటే. ఫైర్‌వాల్‌కు బయటి తీగకు ఒక దారి, లోపలి తీగకు ఒక దారి కావాలి. ఆ కంప్యూటర్‌కు ఉన్నది ఒక్కటే. రెండోదానికి బొటనవేలంత యూఎస్‌బీ అడాప్టర్ తెచ్చాను.

విండోస్‌లో అయితే గుచ్చగానే పనిచేస్తుంది. ఇది వేరే రకం వ్యవస్థ, దానికి సరిపడే డ్రైవర్ ఉంటే తప్ప అడాప్టర్‌ను గుర్తుపట్టదు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాను. మొదట అది తనను పెన్‌డ్రైవ్ అనుకోమంది. ఆ నటన మాన్పించడానికి గంట పట్టింది. తర్వాత అడాప్టర్‌గా కనిపించింది కానీ, నాలుగు నిమిషాలు నడిచి పడిపోయేది. మళ్లీ తీసి గుచ్చితే మళ్లీ నాలుగు నిమిషాలు.

పన్నెండు దాటాక, అడాప్టర్ వేడికే పడిపోతోందేమో, ఆ కంప్యూటర్‌ను కిటికీలో ఉన్న కూలర్ దగ్గర పెడదామా అనిపించింది. దానికి పొడుగు కేబుల్ కావాలి. అంజయ్య కాకను గట్టిగా అడిగాను.

"పైన ల్యాబుల ఉన్నది గద బిడ్డా, వెనుక అర్రల చుట్ట చుట్టి పెట్టిన. తెస్త ఆగు" అన్నాడు. ఛార్జింగ్‌లో ఉన్న తన ఫోన్ నా బల్ల మీదే వదిలేసి, తాళంచెవి పట్టుకుని మెట్లెక్కాడు.

ఆయన అటు వెళ్లగానే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. కంప్యూటర్‌నే తీగలన్నీ కలిసే స్విచ్ పక్కకు జరిపేశాను. పొట్టి కేబుల్ సరిపోయింది. కేబుల్ సంగతి మర్చిపోయాను. ఆయన సంగతి కూడా మర్చిపోయాను.

పన్నెండున్నరకు క్లర్కు రమణారావు గారు గదులన్నీ చూసి, తాళాలు వేసి వచ్చారు. ఆయనది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. "ఇంకా అవలేదామ్మా? వెళ్లేప్పుడు కూలర్ ఆపేయండి" అని ఇంటికి వెళ్లిపోయారు. తాళంచెవులు గోడకున్న మేకులకు తగిలించి ఉన్నాయి.

ఒంటి గంట తర్వాత అంజయ్య కాక ఫోన్ మోగింది. తెర మీద 'ఇల్లు' అని ఉంది. అప్పుడే ఒక ఫోరమ్‌లో నా అడాప్టర్ లాంటి దాని గురించి చదువుతున్నాను. వ్యవస్థతో వచ్చే డ్రైవర్‌ను పక్కనపెట్టి, తయారీదారు డ్రైవర్‌ను వేరుగా ఎక్కించి, మిషన్ లేచేటప్పుడే అది లోడయ్యేలా ఒక ఫైలులో రెండు వరుసలు రాయాలట. ఫోన్ ఆగి మళ్లీ మోగింది. సైలెంట్‌లో పెట్టేశాను. కాక భోజనానికి పోయి ఉంటాడు, ఫోన్ మర్చిపోయాడు అనుకున్నాను. అప్పుడు బయటికి చూసి ఉంటే ఆయన సైకిల్ కనిపించేది.

నా సెల్ నుంచి నెట్ ఇచ్చి ఆ డ్రైవర్ దించాను. రెండు వరుసలు రాశాను. మిషన్ ఆపి లేపాను. అడాప్టర్ మీద పచ్చలైటు వెలిగింది. నాలుగు నిమిషాలు చూశాను, పది నిమిషాలు చూశాను. పడిపోలేదు. గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగి కిటికీలు అదిరాయి, అయినా లైటు అలాగే ఉంది. సంతోషంతో చప్పట్లు కొట్టుకున్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

లోపల ఎన్ని కంప్యూటర్లు నెట్‌వర్క్ అడ్రసు తీసుకున్నాయో చూపించే పట్టిక తెరిచాను. పొద్దున్నే కాలేజీలోని మిషన్లన్నీ నా చేత్తో ఆపేశాను, పరీక్షకు అడ్డం రాకుండా. అందుకని ఒక్క వరుసే ఉండాలి, నా ల్యాప్‌టాప్‌ది.

రెండు ఉన్నాయి. రెండోదాని పేరు 'సరళ-ల్యాబ్2'. సమయం రెండు నలభై మూడు.

భయం వేయలేదు. చిరాకు వేసింది. ఎవరో ఆ పేరు పెట్టుకున్న ల్యాప్‌టాప్ ఎక్కడో ఆన్ చేసి వదిలేశారనుకున్నాను. ఆ అడ్రసును పింగ్ చేశాను. ఉన్నావా అని అడగడం అన్నమాట. ఉంటే జవాబు వస్తుంది. వచ్చింది. సెకనుకు ఒకటి చొప్పున, తప్పకుండా వచ్చింది.

స్విచ్ వైపు చూశాను. నేను వాడుతున్న తీగల లైట్లు కాకుండా ఇంకొక్క లైటు కొట్టుకుంటోంది. దాని కింద నేను ఎప్పుడో అంటించిన చీటీ, నా చేతిరాతే. 'పైన – ల్యాబు 2'. ఆ తీగ లాగాను. జవాబులు ఆగిపోయాయి. పెట్టాను. మళ్లీ మొదలయ్యాయి. ఇంకోసారి లాగి పెట్టాను. మళ్లీ అంతే. తెరను రెండు ఫొటోలు తీసుకున్నాను.

తెలియని మిషన్ లోపల ఉండగా ఫైర్‌వాల్ అప్పజెప్పడం కుదరదు. "కాకా!" అని కేకేశాను. పలకలేదు. మేకుకున్న ల్యాబు తాళంచెవి తీసుకుని పైకి వెళ్లాను. నేను వెతుక్కుంటూ వెళ్లింది కంప్యూటర్‌ను.

తాళం తీసి తలుపు తోస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టు సెగ కొట్టింది. రేకుల సందుల్లోంచి కొద్దిగా వెలుగు. ఖాళీ బల్లలు. తలుపుకు అయిదడుగుల దూరంలో అంజయ్య కాక పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. ఒంటి మీద చెమట లేదు. చర్మం కాలుతోంది. కుడిచేయి వాచి ఉంది. కేబుల్ చుట్ట ఆయన తల కింద ఉంది.

తర్వాత తెలిసిందేమంటే, ఆయన ల్యాబు వెనక చిన్న గదిలో కేబుల్ వెతుకుతుండగా రమణారావు గారు వచ్చి, చెవితో సహా తెరిచి ఉన్న తాళం చూసి, ఎవరో మర్చిపోయారనుకుని వేసేసి, ఆ చెవి తెచ్చి మేకుకు తగిలించారు. పిలిచానన్నారు. కాకకు వినపడలేదు. కాక తలుపు కొట్టింది కింద కూలర్ మోతలో నాకు వినపడలేదు.

బకెట్ నీళ్లు ఆయన మీద పోశాను. అంబులెన్స్ వచ్చేలోపు కళ్లు తెరిచాడు. దవాఖానలో వడదెబ్బ అన్నారు, మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. మర్నాడు తెలివి బాగానే వచ్చింది. భార్యతో, మంచిర్యాల నుంచి పరుగెత్తుకొచ్చిన కూతురితో మాట్లాడాడు. కొంచెం జావ తాగాడు.

నేను పక్కన కూర్చున్నప్పుడు అడిగాను. "కాకా, ఆ అర్రల కంప్యూటర్ ఏమన్న ఉండెనా? లైటు గిట్ల కనబడ్డదా?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఏం కంప్యూటర్ బిడ్డా? అన్ని నువ్వే పంపితివి గద. ఖాళీ బల్లలే."

"ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవ్వలు రాలే. కొట్టి కొట్టి కూసున్న. తర్వాత నాకు యాది లేదు."

మూడో రోజు పొద్దున ఆయన పోయాడు.

ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గారితో కలిసి ఆ గదికి వెళ్లాను. స్విచ్ నుంచి వచ్చే తీగ గోడలోని ఒక సాకెట్ దగ్గర ఆగిపోతుంది. ఆ సాకెట్‌లో ఏమీ గుచ్చి లేదు. దాని నిండా బొగ్గుదుమ్ము, చెదరకుండా ఉంది. లైటు స్విచ్ వేస్తే వెలగలేదు. కిందికొచ్చి పట్టిక చూస్తే ఆ వరుస లేదు. స్విచ్ మీద ఆ తీగ లైటు ఆరిపోయి ఉంది. నా ఫోన్‌లో ఫొటోలు మాత్రం ఉన్నాయి.

కరీంనగర్‌లో నాకు ఈ పని నేర్పిన అన్న ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఫొటోలు పంపాను. చాలాసేపు చూసి ఫోన్ చేశాడు. "పాత రౌటర్ సెట్టింగుల ఫైలు ఎక్కించి ఉంటవు. పేరు ఆ ఫైల్ల కెల్లి వచ్చి ఉంటది" అన్నాడు. ఎక్కించలేదన్నాను. కొత్తగా మొదలుపెట్టానన్నాను. "ఎలుక తీగ కొరికితె లైటు కొట్టుకుంటది" అన్నాడు. అది నిజమే, కొట్టుకుంటుంది. "మరి పింగుకు జవాబు ఎట్ల వస్తదన్నా?" అని అడిగాను. కొత్త డ్రైవర్‌లో ఏదో లోపం ఉండి, నేను పంపిందే నాకు తిరిగొచ్చి ఉంటుందన్నాడు. అయ్యుండవచ్చు. రెండు ఆదివారాలు చర్చి అయ్యాక ఆ కాలేజీకి వెళ్లి, అదే మిషన్, అదే అడాప్టర్, అదే డ్రైవర్‌తో ఆ లోపాన్ని రప్పించాలని చూశాను. రాలేదు. అడాప్టర్ ఇప్పటికీ అక్కడే నడుస్తోంది, ఒక్కసారి కూడా పడిపోలేదు.

రమణారావు గారు ఉద్యోగం మానేశారు. ఒకసారి రామగుండం స్టేషన్‌లో కనిపించారు. "లోపల ఎవరూ లేరనుకున్నానమ్మా" అన్నారు. కాకను పైకి పంపింది నేనని, మీరు వేసింది తాళం ఒక్కటేనని చెప్పాలనుకున్నాను. ఆలోపు రైలు వచ్చింది.

పదకొండో రోజున, దినాలకు, అంజయ్య కాక ఇంటికి వెళ్లాను. నేను చిన్నమ్మ అని పిలిచే ఆయన భార్య నన్ను చూసి లేచి వచ్చింది. అందరి ముందు నా చేతులు పట్టుకుంది.

"రెండు దినాలన్న మాతోని మాట్లాడి పోయిండు. బిడ్డను చూసుకున్నడు. లేకుంటె ఆ అర్రలనే పోతుండె" అంది. తర్వాత అడిగింది. "అంత పెద్ద కాలేజిల ఎవ్వలకు యాదికి రాలేదు. నువ్వెట్ల తెల్సుకున్నవు బిడ్డా, ఆయన ఆడ ఉన్నడని?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నా వైపు చూస్తున్నారు. అంజయ్య కాక కూతురు కూడా చూస్తోంది.

"కాక కనబడ్తలేడని వెతికిన చిన్నమ్మా" అన్నాను.

ఆమె నా తల నిమిరింది. "నీ కడుపు సల్లగుండ" అంది. నన్ను కూర్చోబెట్టి తనే అన్నం వడ్డించింది. తిన్నాను.

కాలేజీలో ఆ మధ్యాహ్నం నేను ఎవరి కోసమూ వెతకలేదు. ఆ పేరు తెర మీదికి రాకపోతే ఫైర్‌వాల్ అప్పజెప్పి, కూలర్ ఆపేసి, ఇంటికి వెళ్లిపోయేదాన్ని. అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఊళ్లో ఎవరినైనా అడగాలంటే ముందు నేను కాకను మర్చిపోయానని ఒప్పుకోవాలి, చిన్నమ్మకు నేను చెప్పిన జవాబేమో ఇప్పుడు ఊరంతటికీ తెలుసు.