గాజు వెనక గాంధారం

వగ్దీ పియానో కొన్ననాడు పక్కన నిలబడి చదివిపెట్టింది నేనే. అందుకే ఇది నేను చెప్పాలి. ఇంకెవరైనా చెబితే మొహమాటానికి నన్ను తప్పించేస్తారు.

అలెగ్జాండ్రియాలో, కర్మూజ్ పేటలో, నాలుగో అంతస్తు అతనిది. అదే భవనంలో కింది వాటా నాది. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. అంధుల బడిలో ఒక పాత చెక్క పియానో మీద నేర్చుకున్నాడు. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు రయ్యిస్ (మేళం పెద్ద) అని అందరూ పిలిచే బయూమీ మేళంలో కీబోర్డు వాయించాడు. పెళ్ళిళ్ళు, నిశ్చితార్థాలు, శుక్రవారం మధ్యాహ్నాలు షాత్బీ సముద్రం ఒడ్డున క్లబ్బు.

ఆ కీబోర్డు చవకది, మీటలు వట్టి ప్లాస్టిక్. అయినా దాని నొసట ఒక వరుస బొత్తాలు ఉండేవి. అరబ్బుల పాటకి అవే ప్రాణం. రాస్త్ అని వాళ్ళకొక రాగం ఉంది. దాని గాంధారం మన సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు. రెంటి నడుమ, పియానో మీట ఏదీ చేరని చోట కూర్చుంటుంది. సికా అంటారు. పాట మధ్యలో రాగం మారగానే వగ్దీ ఎడమచెయ్యి ఎగిరి ఒక బొత్తాం తట్టి వచ్చేది, గాంధారం కిందికి జారేది. మళ్ళీ తడితే పైకెక్కేది. మన విద్వాంసులు హార్మోనియాన్ని ఎందుకు ఈసడించారో కుర్రతనంలో పుస్తకాల్లో చదివాను. అది చెవికెక్కింది మాత్రం కర్మూజ్‌లోనే.

నవంబరులో, వీధులు ఊడ్చుకుపోయే మక్నసా తుఫాను వెళ్ళిన వారం, అతను నా తలుపు తట్టాడు.

“హిందీ, రేపు నీ కళ్ళు కావాలి. అత్తారీన్‌లో హాగ్ సిద్‌కీ వాద్యాల దుకాణానికి పోదాం.”

హిందీ అంటే భారతీయుడు, ఆ ఊళ్ళో నా పేరు అదే. ‘నన్ను హిందీవాణ్ణనుకున్నావా’ అంటే అక్కడ ‘వెర్రివాణ్ణనుకున్నావా’ అని. ఆ మాటకి ఉలిక్కిపడటం ఏనాడో మానేశాను.

“ఉన్నదానికి ఏం తెగులు?” అన్నాను.

“తెగులు దానికి కాదు, నాకు.” చేతులు చాచాడు. “షుగరు. వేళ్ళ చివర ఊలు తొడుగులేసినట్టుంది. ఆ ప్లాస్టిక్ మీటలకి బరువుండదు కదా, నొక్కానో లేదో తెలీట్లేదు. మొన్న క్లబ్బులో రెండు కలిసి మోగాయి. రయ్యిస్ ఏమీ అనలేదు. అనలేదంటే విన్నాడన్నమాట.”

“డాక్టరు ఏమన్నాడు?”

“బస్బూసా మిఠాయి మానెయ్యమన్నాడు. మానేశా. వేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. నేను నొక్కితే తిరిగి నన్ను నొక్కే మీటలు కావాలి. అవి ఉంటే ఇంకో అయిదారేళ్ళు నా కుర్చీ నాకుంటుంది.”

పాత కీబోర్డును మందుల దుకాణం గుమస్తా షఫీక్‌కి అప్పటికే అమ్మేశాడు. వగ్దీ భార్య ఇన్సాఫ్ మెట్ల మీద నన్ను ఆపి గొణిగింది: “కొత్త చెప్పులు కాలికి పట్టకముందే పాతవి అమ్ముకున్నవాణ్ణి ఈయన్నే చూశాను.”

హాగ్ సిద్‌కీ మూడు వాద్యాలు చూపించాడు. మూడూ వేదికల మీద వాయించే ఖరీదైన డిజిటల్ పియానోలే. నేను రేటు చీటీలు చూస్తున్నాను. వగ్దీ చూసేది వేరు. ఒక మీటను చప్పుడు రాకుండా మెల్లగా అడుగంటా నొక్కి పట్టాడు, కింది స్థాయిలో అదే స్వరాన్ని గట్టిగా కొట్టి వదిలేశాడు. పట్టుకున్న తీగ లోపల ఊరికే పలకాలి, నిజం పియానో అయితే. మొదటిదాంట్లో పలకలేదు.

“ఇది పియానో ఫోటో. పియానో కాదు,” అన్నాడు.

“ఉస్తాద్, దీన్ని పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు పట్టుకుపోయారు!” అన్నాడు హాగ్.

“హోటళ్ళలో జనం కబాబు తింటారు హాగ్, వినరు.”

రెండోది బాగానే పలికింది. నొసట పన్నెండు బొత్తాలు కూడా ఉన్నాయి. కానీ మీటలు తేలిక, నునుపు. వగ్దీ రెండు చేతులూ తీసేశాడు. “తడిసిన సబ్బు. నా వేళ్ళకి ఏమీ చెప్పట్లేదు.”

మూడోదాని మీటలు చెక్కవి, ఒక్కొక్కటీ బరువు. నొక్కుతుంటే అడుగున చిన్న గండి దాటినట్టు తెలుస్తుంది. ఒక స్వరం కొట్టి చెవి వంచి అది ఆరిపోయేదాకా కూర్చున్నాడు. మొదటిదాంట్లో స్వరం కొళాయి కట్టేసినట్టు ఆగింది. ఇక్కడ, ప్రియమైన మనిషి గదిలోంచి వెళ్తూ గుమ్మం దగ్గర ఒకసారి ఆగినట్టు ఆగి, తరవాత పోయింది. వగ్దీ మొహంలో అంత ప్రశాంతత నేనెప్పుడూ చూడలేదు.

“హిందీ, ఇది నా వేళ్ళకి వినపడుతోంది.” గొంతు తగ్గించాడు. “ఒక్కటి చూసిపెట్టు. సికా దిగుతుందా?”

పియానోతో వచ్చిన పుస్తకం తిరగేశాను. పలచని కాగితం, చీమ తలకాయలంత అక్షరాలు. ఏ స్వరాన్నయినా కావలసినంత దించుకోవచ్చని రాసి ఉంది.

“దిగుతుంది,” అన్నాను.

“బొత్తాం ఎక్కడ?”

బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి, ట్రాము వచ్చే వేళ అయింది. ఇంకో పుట తిప్పితే తెలిసేది. “ఉందిలే, ఇంటికెళ్ళి చూద్దాం,” అన్నాను. హాగ్ సిద్‌కీ అప్పుడే టీలో చక్కెర కలపడంలో మునిగిపోయాడు. అతనికి తెలుసనే ఇప్పటికీ నా అనుమానం.

కొని ఇంటికి తెచ్చాక చూస్తే బొత్తాం లేదు. నడుమ ఒక గాజు తెర ఉంది. దాన్ని వరసగా ఆరుచోట్ల తాకితే గాంధారం దిగుతుంది. మళ్ళీ ఆరుచోట్ల తాకితే పైకొస్తుంది. యంత్రం ఆపేస్తే అంతా మరిచిపోతుంది. ఆ గాజుకి గట్టులేదు, గుంటలేదు. కళ్ళున్నవాళ్ళ వేళ్ళ కోసం చేసింది. వగ్దీ దాని మీద అరచెయ్యి వేసి నిమిరాడు.

“హాగ్ సిద్‌కీ గుడ్డివాడికి అద్దం అమ్మాడు,” అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇన్సాఫ్ మైదాపిండి జిగురుతో గాజు అంచుల్లో కందిపప్పు బేడలు అంటించింది, వేలికి దారి తెలియాలని. మంచి వేళ్ళకైతే తెలిసేదేమో. అతని వేలు బేడ మీదే ఉన్నా, “ఎక్కడుంది?” అని అడిగేవాడు. నాలుగు రోజులకి ఇన్సాఫ్ వాటిని గోటితో గీకేసింది.

చివరికి తోవ ఒకటే మిగిలింది. శుక్రవారం క్లబ్బులో నేను పక్కన స్టూలు మీద కూర్చోవాలి. అతను మోకాలితో తడితే నేను గాజు తాకాలి.

“ఇదేంటి వగ్దీ, ఒక్క పియానోకి ఇద్దరా?” అన్నాడు రయ్యిస్ బయూమీ, వయొలిన్ సరిచేసుకుంటూ. “రేపు డప్పుకి ముగ్గుర్ని తెచ్చుకుంటాడు వీడు. పెద్దాయనా, నువ్వు కూడా పాడతావా ఏంటి?”

“పాడితే నీ మేళం లేచిపోతుంది రయ్యిస్,” అన్నాను.

మొదటి పాట నల్లేరు మీద నడకలా సాగింది. ఆ పియానో ఆ హాల్లో ఎలా పలికిందో చెప్పడం నా వల్ల కాదు. చేపలు తింటున్నవాళ్ళు చేతులు ఆపారు. రయ్యిస్ కూడా ఒకసారి కనుబొమలెత్తి వగ్దీ వైపు చూశాడు.

రెండోది మేళం గాయని సిత్త్ ఖైరియా పెద్ద పాట. అరవై దాటిన మనిషి, గొంతులో ఇసకా తేనే కలిసి ఉంటాయి. పాట నడుమ నిలబడి, ఒక్క ఊపిరి తీసుకుని, రాస్త్‌లోకి దిగింది. మోకాలు తగిలింది. తాకాను. చాలాసేపు ఎవరూ ముట్టకపోవడంతో తెర నల్లబడి ఉంది. నా మొదటి తాకుడు దాన్ని లేపడానికే సరిపోయింది, మిగిలిన అయిదూ తప్పుచోట్ల పడ్డాయి. వగ్దీ వేలు దిగింది. గాంధారం పైనుంచి, నిక్కచ్చిగా, మేకులా వచ్చింది. ఖైరియా మెడ నరం బిగిసింది.

నా చెయ్యి మళ్ళీ లేచింది. వగ్దీ మోచేత్తో దాన్ని పక్కకి నెట్టేశాడు. అక్కణ్ణుంచి చివరిదాకా ఆ ఒక్క మీట ముట్టలేదు. ఆ స్వరం రావలసిన ప్రతిచోటా చుట్టూ ఉన్నవి వాయించి, నడుమ ఖాళీ ఉంచాడు. ఆ ఖాళీలోకి ఖైరియా గొంతు వచ్చి కూర్చుంది, ఒంటరిగా. వెనక బల్ల దగ్గర ఒక ముసలాయన “అల్లాహ్!” అని నిట్టూర్చాడు.

పాటయ్యాక ఖైరియా వగ్దీ భుజం మీద చెయ్యి వేసింది. “ముప్ఫై ఏళ్ళలో ఇవాళే నాకు చోటిచ్చావు తండ్రీ.”

రయ్యిస్ మేము పియానో మోసుకుంటూ వెళ్తుంటే దారిలో ఆపాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“వగ్దీ, నువ్వు నాకు అన్నలాంటివాడివి. మీట ఒకటి వదిలేసి నువ్వు మేనేజ్ చేస్తావు. ఇవాళ ఒకటి. రేపు? నీ వేళ్ళ సంగతి నాకు వేసవి నుంచీ తెలుసు. నువ్వే చెబుతావని చూశాను.”

వగ్దీ తల ఊపాడు. తరవాతి శుక్రవారం ఆ కుర్చీలో షఫీక్ కూర్చున్నాడని తెలిసింది. వాయించింది వగ్దీ అమ్మిన కీబోర్డే.

తిరిగి ఇచ్చేద్దామని, రెండోది తెచ్చుకుందామని ఎన్నిసార్లు అన్నానో. “ఇచ్చేసి? ఇంకేదీ నా వేళ్ళకి వినపడదు హిందీ. ఇదన్నా వినపడనీ,” అనేవాడు.

ఇప్పుడు వేసవి. రోజూ మధ్యాహ్నం గంటసేపు కరెంటు తీస్తున్నారు. కరెంటు వచ్చేసరికి పియానో అంతా మరిచిపోతుంది. అతను ఇప్పుడు రాస్త్ తప్ప ఇంకేం వాయించడు, అందుకని గాంధారం ఒక్కచోట దించిపెడితే చాలు. బల్బు వెలగగానే నేను నాలుగు అంతస్తులు ఎక్కి, గాజుని ఆరుసార్లు తాకి, ఇన్సాఫ్ ఇచ్చిన టీ తాగి దిగుతాను. నా మోకాళ్ళు కూడా మునుపటివి కావు.

నిన్న ఆలస్యమయింది. మూడో అంతస్తులో ఆయాసం వచ్చి గోడకి ఆనుకున్నాను. పైనుంచి పియానో వినిపిస్తోంది. మీట వదిలేసి వాయిస్తున్నాడు. ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ వంటింట్లోంచి ఇన్సాఫ్ కూనిరాగం, కొంచెం అటూ ఇటూగా, దాన్ని నింపుతోంది. అయిపోయేదాకా కదలకూడదనుకున్నాను.

పియానో ఆగింది.

“మెట్ల మీద ఎంతసేపు నిలబడతావయ్యా?” అని కేకేశాడు వగ్దీ. “పైకి రా. ఈ కూనిరాగానికి శ్రుతి లేదు, ఇది మా ఆవిడది. సికా కావాలి.”