కొసరు నూనె

బ్రేకులు లేవని తెలిసే ఆ బండి కొన్న. జగిత్యాల, కోరుట్ల రెండు ఊర్లు గాలించినా గిసొంటి మొనగాడు ఇంకొకడు దొరకడు. పిల్లల ఆటల పార్కు నడిపి మూసేసినాయన రేకుల షెడ్డుల దుమ్ము కొట్టుకపోయిన నాలుగు టైర్ల బండి చూపెట్టిండు. మోటర్‌సైకిల్ లెక్క హ్యాండిలు, ట్రాక్టర్ పిల్లకున్నట్టు టైర్లు. బురదైనా, గట్టైనా ఎక్కి దిగుతది. ఎక్కి కూసొని బ్రేకు పిడి పట్టిన. పిడి వచ్చి హ్యాండిలుకు ఆనుకుంది, బండి మాత్రం ఆగలే. నేను లోపల్లోపల మురిసిపోయిన. బ్రేకులు మంచిగుంటే రేటు ఎట్ల తగ్గుతది?

"బ్రేకులు లేని బండికి గింత రేటా సేటూ? కొన్నోడు దవఖాన ఖర్చు గూడ పెట్టుకోవాల్నా?" అని తిరిగి నడిచిన. కోరుట్లల మా నాయిన దుకాణంల పెరిగినోన్ని. గిరాకిని ఎంత దూరం పోనిచ్చి ఎనక్కి పిలువాల్నో, ఎంత దూరం పోయి పిలిపిచ్చుకోవాల్నో నాకు తెలువంది కాదు. గేటు కాడ పిలిచిండు. ఆరు వేలు తగ్గిచ్చిన. కొసరుగ ఒక పాత టైరు గూడ ఏసుకచ్చిన.

కొసరంటే, బేరం తెగినంక పైసలియ్యకుంట పైన పట్టుకపోయేది. మా ఇంట్ల కొసరు లేకుంట దుకాణం దిగుడు నామోషీ. పెండ్లిచూపుల నాడు గూడ మా నాయిన రెండో పళ్లెం మిఠాయి అడిగి తీసుకున్నడు.

బండి నా కోసం కాదు, మా ఆమె కోసం. మా కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం దిక్కు మాకు కొంత చెల్క భూమి ఉన్నది. దాంట్ల ఆమె పసుపు పెడతది. నేను కోరుట్లల బట్టల దుకాణం చూసుకుంటే సేద్యమంత ఆమెదే. రోడ్డు నుంచి కాలువ కట్ట మీద పోయి, నిట్టనిలువు దిగుడు దిగితేనే చేను. గా బాట మీద మూటలు మోసి మోసి ఆమెకు మెడ పట్టేసింది. ఆమె గా దిగుడు దిగే బండికి బ్రేకులు లేవని సంబరపడ్డోన్ని నేను.

బ్రేకులు నేనే బాగుచేస్త అన్న. మెకానిక్‌కు పైసలు ఎందుకు, ఫోన్ల వీడియోలు లేవా? ప్యాడ్లు అరిగి రేకులైనయి, అవి మార్చిన. అయినా పిడి మెత్తగనే ఉన్నది. పైపుల గాలి చేరింది, నూనె అడుగంటింది. కొత్త బ్రేకు నూనెకు పోతే దుకాణపాయన చారెడు సీసాకు చెప్పిన రేటు విని నాకు ఒళ్లు మండింది.

"దీంట్ల ఏం పోసినవ్, అత్తరా?"

"అవసరమైతే తీసుకో సేటూ. లేకుంటే కాళ్లు అడ్డం పెట్టి ఆపుకో."

నేను ఎనక్కి తిరిగిన. వాడు పిలువలే. పిలువలేదన్న కోపం నాకు సిరిసిల్ల దాక పోలే. తువ్వాలలు, చీరలు తెచ్చేటందుకు బామ్మర్ది దగ్గరికి పోయిన. మా ఆమె తమ్ముడు, షెడ్డుల సాంచలు నడుపుతడు. సాంచ అంటే మరమగ్గం. సరుకు కట్టించి, లెక్క చూసి, ఎప్పటి లెక్కనే కొసరు అడిగిన.

"ఏమిస్త బావా? చివరి తువ్వాల గూడ కట్టిచ్చుకున్నవు. గీ సాంచలల్ల పోసే నూనె డబ్బా ఉన్నది, పట్టుకపోతవా?"

నా కడుపు నిండింది. నూనె ఏదైనా నూనెనే గదా! సాంచ అంత జోరుగ ఆడుతది, బండి ఆగేటందుకు పనికిరాదా? గిది నా శాస్త్రం.

ఇంటికచ్చి బ్రేకుల ఆ నూనె పోసి వాకిట్ల పనికి దిగిన. టైరు పక్కన గాలి తీసే చిన్న మర కాడ నేను పానా పట్టుకొని కూసున్న. పైన పిడి కాడ ఆమె.

"పట్టు!"

"పట్టిన."

"ఇడువకు!"

"ఇడువలే. అరుస్తవెందుకు?"

"ఇప్పుడు ఇడువు. ఎవలు ఇడువుమన్నరు?"

"నువ్వే అంటివి గదయ్యా!"

బుడగలు బుడగలు గాలి పోయి, నూనె సన్నగ కారింది. పిడి గట్టివడ్డది. బండి ఎక్కడ అంటే అక్కడ ఆగింది. నేను వారం రోజులు దుకాణంకు వచ్చిన ప్రతి గిరాకికి ఆ ముచ్చటే చెప్పిన. మెకానిక్కులందరు దొంగలని, నూనె సీసాలు అత్తరని.

ఆమె ఓ నాడు చెప్పింది, "బండి గుంజుతాంది. బ్రేకు ఇడిసినా పట్టుకొనే ఉంటాంది."

"నీ వేలు పిడి మీదనే ఉంటది. అలవాటు కాలే నీకు."

మళ్లొకనాడు చెప్పింది, "కాలిన వాసన అస్తాంది. పిడి గూడ ఒకసారి గట్టిగ, ఒకసారి మెత్తగ అయితాంది."

"నడపరాక బండి మీద చెప్పకు."

గీ మాట అన్నది నేను. ఇరుగుపొరుగు వినంగ అన్న.

పసుపు ఉడకబెట్టి ఆరబోసిన దినాలు. ఆమె కట్ట మీదికెల్లి దిగుడుకు మలిపింది. పిడి పడితే ఊరికే లోపలికి పోయింది. బండి ఉరికింది. ఎడమ దిక్కు కాలువ, ఎదురుంగ కూలీలు పసుపు తిరగేస్తున్నరు. ఆమె అరిచి వాళ్లను తప్పిచ్చి, బండిని పక్కనున్న పసుపు కుప్ప లోపలికి తోలింది. కుప్ప ఆపింది. నా కొసరు నూనె ఆపలే.

కూలీల ఫోన్ అందుకొని నేను ఉరికి పోయేసరికి కట్ట కింద కూసున్నది. నెత్తి నుంచి పాదం దాక పచ్చగ, నలుగు పెట్టిన పెండ్లిపిల్ల లెక్క. కుడి మణికట్టు ఉబ్బింది.

"పార్కోడు మోసం చేసిండు!" అన్న.

"నోరు ముయ్యి," అన్నది. పెండ్లయినప్పటి సంది ఆ మాట నాతోని అనలే.

దవఖానల చేతికి పట్టీ కట్టిచ్చుకొని వచ్చినంక, ఆమె ముంగటనే బండి ఇప్పిన. పార్కాయనను నోటికచ్చినట్టు తిట్టుకుంట పిడి కాడుండే బ్రేకు నూనె డబ్బీ మూత తీసిన. మూత కింది రబ్బరు నానవెట్టిన వడ లెక్క ఉబ్బి, ముడతలు పడి, దాని గూట్ల అది ఇముడుతలేదు. లోపలి రబ్బర్లన్ని గట్లనే. ఉబ్బినప్పుడు బ్రేకును ఇడువనియ్యలే, చీలినంక పట్టనియ్యలే. రబ్బర్లు పాతయి అనబోయిన. ఆమె వంగి వాసన చూసింది.

"గిది సాంచల నూనె."

నేను మూత మళ్ల పెట్టబోయిన.

"నేను గా షెడ్లల్ల పుట్టి పెరిగిన. మా తమ్ముని అంగీలు గిదే వాసన అస్తయి. నేను కూసునే బండిల కొసరు నూనె పోసినవా?"

బామ్మర్దికి ఫోన్ చేసి ఇరుచుకపడ్డ. ఇంకెవరు మిగిలిండ్రు మరి నాకు?

"సాంచలల్ల పోసేదని చెప్పే ఇచ్చిన గద బావా. నువ్వు నెత్తికి రాసుకున్నా నాదే తప్పంటవా? అక్కకెట్లున్నదో గది చెప్పు ముందు."

ఫోన్ పెట్టేసి చాలసేపు తిట్టిన. తిట్లు తిరిగి తిరిగి నా కాడికే అచ్చినయి. నడపరాదన్న మాట యాదికచ్చినప్పుడల్ల పానా నేలకు కొట్టిన.

తెల్లారి అదే నూనె దుకాణంకు పోయిన. రబ్బరు కిట్టు, ప్యాడ్లు, రెండు సీసాల నూనె అడిగి, చెప్పినంత ఇచ్చిన. ఆయన పైసలు లెక్కవెట్టుకుంట నా మొకం దిక్కు చూసిండు.

"ఏమైంది సేటూ, పానం మంచిగలేదా?"

పైపులు ఊడదీసి, సాంచ వాసన పోయేదాక కొత్త నూనెతోని కడిగిన. పిడి కాడ ఆమె ఎడమ చేతితోని నిలవడ్డది. పట్టు, ఇడువు అని మెల్లగ చెప్పిన. ఆమె పట్టింది, ఇడిసింది.

పనైనంక బండి కట్ట మీదికి తెచ్చినం. నేను దిగి ఎనక నిలవడితే ఆమె దిగుడు దిక్కు చెయ్యి చూపెట్టింది.

"నువ్వు దిగు. పక్కన పసుపు కుప్ప గూడ లేదు, చూసుకో."

కూసున్న. దిగుడు మీదికెల్లి చూస్తే అంత నిలువుగ ఉంటదని నాకు అప్పుడే తెలిసింది. నడుమల పిడి పట్టిన. బండి ఆగింది. ఇడిస్తే కదిలింది. మళ్ల పట్టిన. కిందికి పోయి ఎనక్కి చూస్తే ఆమె కట్ట మీద గట్లనే నిలవడి ఉన్నది, కట్టు చెయ్యి ఛాతీకి ఆనిచ్చుకొని.

గిది లెక్క. రబ్బరు కిట్టు రెండు వేల నాలుగు వందలు. ప్యాడ్లు రెండోసారి తొమ్మిది వందలు. నూనె రెండు సీసాలు నాలుగు వందలు. ఎక్స్‌రే, పట్టీ పదకొండు వందలు. విరిగిన పసుపు కొమ్ములు తక్కువ రేటుకు పోయినయి, దాంట్ల పదిహేను వందలు. మొత్తం ఆరు వేల మూడు వందలు. బేరంల మిగిల్చింది ఆరు వేలు. ఆమె మణికట్టు పొద్దుగాల ఇంకా పట్టేస్తాంది. దాన్ని గీ లెక్కల కలపలే, ఆమె ఇంకా రేటు చెప్పలే.