బంతి ఇచ్చినవాడు

లంక తోటల్లో దింపిన కొబ్బరికాయలు పడవలో గట్టుకు చేరాక, పడవలో ఒకడు, గట్టు మీద ఒకడు నిలబడతారు. పడవలోవాడు రెండేసి కాయలు కలిపి విసురుతాడు. గట్టు మీదవాడు అందుకుని రాశిలో పడేస్తూ పైకి లెక్క చెబుతాడు. మొదటి విసురును ఒకటి అనడు, లాభం అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు. విసిరేవాడు నోరు విప్పకూడదు, విప్పితే లెక్క తప్పుతుంది. తలెత్తి చూడడు కూడా. అతని చూపంతా కాళ్ల దగ్గరున్న తర్వాతి జత మీదే. గట్టు మీద చేతులుంటాయి, అంతే.

రాజోలు దగ్గర పేటలో పుట్టిన యేసురత్నం పద్నాలుగో ఏట పడవెక్కాడు. గట్టు మీద వాళ్ల నాన్న లాజరు ఉండేవాడు. పదేళ్లు కొడుకు విసిరాడు, తండ్రి లెక్క చెప్పాడు. తల్లి లేని ఇల్లు. రోజు మొత్తంలో ఇద్దరి మధ్యా నడిచిన మాటలు ఆ అంకెలే అంటే అబద్ధం కాదు.

తొంభై ఆరు నవంబరు తుపానుకు తోటలు నేలకొరిగాయి. పడవలు ఖాళీ అయ్యాయి. తాటిపాక అవతల, చమురు బావులు తవ్వే ఒక ప్రైవేటు కంపెనీ క్యాంపులో పడిపోయిన చెట్లు తియ్యడానికి యేసురత్నం కూలికి వెళ్లాడు. రాలిన కాయలు ఏరి లారీలో నిలబడ్డ మనిషికి విసురుతుంటే, క్యాంపు మేనేజరు సిమెంటు అరుగు మీద నిలబడి చాలాసేపు చూశాడు. ఆయన మలయాళీ. కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాడు. క్యాంపులో సిమెంటు కోర్టు వేయించి, నెల జీతాల మీద ఒక టీము కట్టాడు. టీములో సగం మంది కేరళవాళ్లు, మద్రాసువాళ్లు.

"నువ్వు ఎంత ఎత్తు?" అని అడిగాడు.

"తెలీదండి. ఎప్పుడూ కొలవలేదండి."

"రేపు రా. ఈ కాయ కాదు, ఇంకో కాయ ఇస్తాను."

ఆ ఇంకో కాయ చేతికి వచ్చాక యేసురత్నానికి ఆరు నెలల దాకా బుట్టలో వేయడం పట్టుబడలేదు. విసరడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. అతను విసిరిన బంతి గుండెల మీదికి రాయిలా వచ్చేది. అందుకోలేక అందరూ తిట్టేవారు. ఒక్క విజయ్ కుమార్ మాత్రం తిడుతూనే అందుకునేవాడు. అతనిది ఉప్పలగుప్తం, స్కూలు మాస్టారి కొడుకు, అమలాపురంలో డిగ్రీ చదువుతూ కాలేజీ టీముకి ఆడినవాడు.

"ఏంట్రా ఆ విసురుడు? ఇవి చేతులనుకున్నావా, గోనెసంచులనుకున్నావా?"

"తప్పయిపోయిందండి."

"నాతో అండీ ఏంట్రా బాబూ, నేనేమన్నా మునసబునా? అది సరే, అటు చూడకుండా ఇటు ఎలా ఇస్తన్నావు?"

"మీరక్కడుంటారు కదండీ."

"లేకపోతే?"

"గట్టు మీద మనిషి లేకపోతే అసలు విసరం కదండీ" అన్నాడు యేసురత్నం.

విజయ్ కుమార్ ఆ మాట టీమంతటికీ చెప్పి నవ్వించాడు. కానీ ఆ తర్వాత అతను నిలబడే తీరు మారింది. కోర్టులో ఎక్కడున్నా రెండు చేతులూ పొట్టకి కాస్త ఎత్తున ఉంచుకుని తిరిగేవాడు. బంతి అక్కడికి వచ్చేది.

తొంభై ఎనిమిదిలో కోయంబత్తూరులో జరిగిన పోటీలకి కంపెనీ టీము వెళ్లింది. మొదటి మ్యాచ్ గెలిచినప్పుడు ఏదో కలిసొచ్చిందనుకున్నారు. మూడోది గెలిచాక అక్కడి జనం తాటిపాక ఎక్కడుందని అడగడం మొదలుపెట్టారు. ఆరో మ్యాచ్ గెలిచిన రాత్రి మేనేజరు అందరికీ పరోటాలు తెప్పించి, తను మాత్రం ఏమీ తినలేక వరండాలో పచార్లు చేశాడు. ఫైనల్ ఒక మిల్లు టీముతో. ఆట ఇంకా నాలుగు సెకన్లు ఉందనగా మిల్లువాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. బంతి గీత పక్కన యేసురత్నం చేతిలో ఉంది. ఎదురుగా ఇద్దరు చేతులు చాపి నిలబడ్డారు. వాళ్ల చంకల మధ్య జానెడు సందు. అటు చూడకుండానే విసిరాడు. విసరగానే, అలవాటుగా, అతని కళ్లు కాళ్ల దగ్గరికి వాలిపోయాయి. తర్వాతి జత కోసం.

అక్కడ కాయలు లేవు. సిమెంటు నేల ఉంది. జనం అరుపు విని తలెత్తేసరికి బంతి బుట్టలోంచి కిందపడి దొర్లుతోంది. విజయ్ కుమార్ మేనేజరు భుజాల మీద ఉన్నాడు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. గాల్లో విజయ్ కుమార్, వేళ్ల కొసన బంతి. ఇంకెవరూ పడలేదు.

రాజోలు నుంచి తాటిపాక దాకా లారీ మీద ఊరేగించారు. కప్పుని చంటిపిల్లలా చేతులు మార్చుకుంటూ తెచ్చారు. యేసురత్నం డ్రైవరు పక్కన కూర్చున్నాడు. సెంటర్లో లారీ ఆగినప్పుడు లాజరు గుంపుని తోసుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నువ్వెన్నేసేవురా?"

"నేనెయ్యలేదు నాన్నా. ఇచ్చేను."

"మరి లెక్క చెప్పింది ఎవరు?"

"అక్కడలా చెప్పరు నాన్నా."

లాజరుకి అది అర్థం కాలేదు. లారీ కదిలింది.

ఏడాదిన్నర తిరక్కుండా కంపెనీకి ఇక్కడి పని అయిపోయింది. బావులు తవ్వే రిగ్గులు విప్పి ట్రైలర్ల మీద పంపేశారు. మేనేజరుకి గుజరాత్ బదిలీ అయింది, కప్పు ఆయన సామానుతో వెళ్లింది. కేరళ కుర్రాళ్లు వేరే టీముల్లో చేరిపోయారు. పేపర్లో ఫోటో చూపిస్తే విజయ్ కుమార్‌కి విశాఖపట్నంలో ఆటల కోటాలో ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు యేసురత్నాన్ని కౌగలించుకుని, "ఉత్తరం రాయరా" అన్నాడు. ఏం రాయాలో యేసురత్నానికి తోచలేదు. రాయలేదు.

ఖాళీ క్యాంపుకి కాపలా మనిషి కావాలంటే అతనే ఉండిపోయాడు. రెండు వేల సంవత్సరం వానాకాలంలో లాజరు పోయాడు. పాస్టరుగారు ఒకటి రెండు సంబంధాలు చూశారు గానీ, గేటు కాపలా అనగానే పిల్ల తరఫువాళ్లు వెనక్కి తగ్గారు. ఆదివారం చర్చికి వెళ్లి చివరి చాప మీద కూర్చుని వచ్చేవాడు. మిగతా రోజుల్లో పొద్దున్నే గేటు దగ్గర పాలు పోసే లోవమ్మతో "చాలండి" అంటే, ఆ రోజుకి అతని మాటలు అయిపోయినట్టే.

కోర్టు ఇంకా ఉంది. సిమెంటు పగుళ్లలో గడ్డి మొలిచింది. బుట్టల ఇనుప చట్రాలు మిగతా ఇనుముతో కలిపి ఎప్పుడో తూకానికి వేసేశారు. స్టోర్సులో మిగిలిన ఒక పాత బంతి అతని దగ్గరుంది. సాయంత్రాలు నీళ్ల ట్యాంకు గోడకేసి విసిరేవాడు. బంతి తిరిగొచ్చేది. మళ్లీ విసిరేవాడు. గోడకి బంతి కొట్టుకున్న చోట గుండ్రంగా మట్టిమరక పడింది. రోజూ అదే చోట. తను ఎక్కడ నిలబడి విసిరినా బంతి అక్కడికే పోతోందని, అది విజయ్ కుమార్ చేతులుండే ఎత్తేనని ఒకరోజు గమనించాడు. ఆ రోజు ఇక విసరలేదు.

రెండు వేల మూడులో పాస్టరుగారు ఒక పేపరు కత్తిరించి తెచ్చిచ్చారు. స్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయులు కావాలిట, పోటీల్లో గెలిచినవాళ్లకి చదువుతో నిమిత్తం లేకుండా కొన్ని పోస్టులు విడిగా ఉంచారట. యేసురత్నానికి ఆ ప్రకటనలో జీతం కన్నా ముందు కనిపించింది వేరు. ఒక మైదానం, నలభై మంది పిల్లలు, ఎనభై చేతులు. కోయంబత్తూరుకి రాసి స్కోరు షీట్ల నకళ్లు తెప్పించుకున్నాడు. అవి పట్టుకుని కాకినాడలో ఆఫీసుకి వెళ్లాడు. గుమాస్తా కేశవరావుగారు కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కొక్క కాగితమే చూశారు.

"ఏడు మ్యాచుల్లో తొమ్మిది పాయింట్లండి మీవి. ఫౌళ్లు మాత్రం ఇరవై రెండు. ఏంటండీ, జనాన్ని కొట్టేవారా?"

"లేదండి."

"ఫైనల్లో సున్నా ఉంది."

"ఆయ్. నేను బంతి ఇచ్చేవాణ్ణండి. ఆఖరిది కూడా నేనిచ్చిందేనండి."

"అదెక్కడుందండి ఇందులో?"

"ఉండదండి. వేసినవి రాస్తారు, ఫౌళ్లు రాస్తారు. ఇచ్చినవి రాయడానికి గడి లేదండి."

కేశవరావుగారు మంచి మనిషి. కాగితాలు విసిరికొట్టలేదు. "చూడండీ, టీములో ఉన్నారంటే సరిపోదు. విశేష ప్రతిభ అని రూల్లో ఉంది. ఫలానా పని ఈయనే చేసేడు అని తోటి ఆటగాడు ఒకరు రాసివ్వాలి. సోమవారం ఆఖరు" అన్నారు.

కొడుకు పుట్టినరోజుకి విజయ్ కుమార్ ఉప్పలగుప్తం వచ్చాడని ఆదివారం చర్చిలో తెలిసింది. ఆ మధ్యాహ్నం యేసురత్నం అక్కడ బస్సు దిగేసరికి ఇంటి ముందు శామియానా, బిర్యానీ వాసన. విజయ్ కుమార్‌కి కొంచెం పొట్ట వచ్చింది. చూడగానే పరుగున వచ్చాడు.

"ఒరే రత్నం! చచ్చేవనుకున్నానురా! ఒక్క ఉత్తరం ముక్క లేదు!" అందరివైపూ తిప్పి చూపించాడు. "మా టీములోవాడే. మంచి కుర్రోడు."

భోజనాల దగ్గర ఎవరో ఫైనల్ సంగతి ఎత్తారు. విజయ్ కుమార్ ప్లేటు పక్కన పెట్టేశాడు.

"నాలుగంటే నాలుగు సెకన్లు. ఒక్క పాయింటు తక్కువున్నాం. ఎదర ఇద్దరు తాటిచెట్లలాంటోళ్లు. ఇద్దరి మధ్యలోంచి బంతి లాక్కున్నాను. ఒక్క గెంతు..."

"ఇది వందోసారండీ వినడం" అంది అతని భార్య లిడియా, పెరుగు వడ్డిస్తూ. "మొదట్లో ఒక్కడే ఉండేవాడు, ఇప్పుడు ఇద్దరయ్యేరు. వచ్చే ఏడాదికి ముగ్గురవుతారు."

అందరూ నవ్వారు. విజయ్ కుమార్ కూడా నవ్వాడు. యేసురత్నం అన్నం కలుపుతూ అతని ముఖం చూశాడు. అందులో అబద్ధం లేదు. చెప్పీ చెప్పీ అతనికి అది అలాగే జరిగిపోయింది.

జనం పలచబడ్డాక యేసురత్నం పని చెప్పాడు. విజయ్ కుమార్ పెన్ను, తెల్లకాగితం తెచ్చి అతని చేతిలోనే పెట్టాడు.

"నీకేం కావాలంటే అది రాసేసుకోరా. కింద సంతకం పెట్టేత్తాను. నా దగ్గర మొహమాటం ఏంటి?"

యేసురత్నం కుర్చీలో కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. పైన తేదీ మాత్రం రాశాడు. తర్వాత, కాగితం మీంచి కళ్లెత్తకుండానే అడిగాడు.

"ఆ బంతి మీ దగ్గరికి ఎలా వచ్చిందండీ?"

"ఏ బంతి?"

"ఆఖరిది."

విజయ్ కుమార్ నవ్వబోయి ఆగాడు. రెండు చేతులూ తెలియకుండానే పొట్టకి కాస్త ఎత్తున లేచాయి. వాటినే చూస్తూ నిలబడిపోయాడు. లోపల పిల్లాడు ఏడుస్తున్నాడు, లిడియా రెండుసార్లు పిలిచింది.

"ఆ కాగితం ఇలాగివ్వు" అన్నాడు చివరికి.

లోపలికి వెళ్లి అరగంట తర్వాత వచ్చాడు. కవరు అంటించి ఇచ్చాడు. ముఖం చూపించలేనట్టు బస్సు టైము గురించి మాట్లాడాడు. తెల్లవారగానే విశాఖ రైలెక్కాలని చెప్పాడు.

సోమవారం పదకొండు గంటలకి కేశవరావుగారు కవరు చింపి, తనలో తను గొణుక్కుంటూ చదివి, ఒకచోట ఆగి పైకి చదివారు.

"'ఫైనల్ గెలిపించిన బంతిని నేను బుట్టలో వేశాను. దాన్ని నేను లాక్కున్నానని అయిదేళ్లుగా చెబుతున్నాను. అది నిజం కాదు. అది నా చేతుల్లోకి వచ్చింది. ఇచ్చినవాడు యేసురత్నమే అయి ఉండాలి. ఆ రోజుల్లో బంతి ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకునే అవసరం నాకు ఉండేది కాదు.'" ఆయన కాగితం దించారు. "అయి ఉండాలి ఏంటండీ? చూసేడా, చూడలేదా?"

"చూడరండి. వస్తుందండి, అంతే."

"అలాగైతే ఇది చెల్లదండి. రేపెవరన్నా అడిగితే నా ప్రాణం తీస్తారు. మార్పించుకు రండి. సాయంత్రం అయిదు దాకా ఉంటాను."

"ఆయన రైలెక్కేసేరండి."

కేశవరావుగారు అటూ ఇటూ చూసి, జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టారు. గొంతు తగ్గించారు. "ఆ రెండు మాటలూ కొట్టేసి, 'యేసురత్నమే' అని ఆపెయ్యండి. ఆ చూసుకునే అవసరం అన్న వాక్యం కూడా తీసెయ్యండి. నేను టీకి వెళ్లొస్తాను. నేను చూడలేదు."

ఆయన నిజంగానే వెళ్లారు. యేసురత్నం పెన్ను మూత తీశాడు. కొట్టెయ్యాల్సింది రెండు మాటలు, ఒక వాక్యం. దాని వెనక ఒక మైదానం ఉంది, పిల్లలున్నారు. మూడేళ్లుగా గోడ తప్ప మరెవరూ అందుకోని బంతి ఉంది. ఆ ఆఖరి వాక్యం మీద పెన్ను మొన ఆనించాడు. చూసుకునే అవసరం నాకు ఉండేది కాదు. అతని గురించి ఎవరైనా రాసిన మాట ఈ లోకంలో అదొక్కటే. చెయ్యి కదల్లేదు.

కేశవరావుగారు వచ్చేసరికి పెన్నుకి మూత పెట్టి ఉంది.

"దిద్దేరా?"

"లేదండి. ఇది చెల్లదు కదండీ, నాకిచ్చెయ్యండి."

"ఉద్యోగం పోతుందండి."

"ఆయ్" అన్నాడు యేసురత్నం.

ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అమలాపురం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. తాళ్లరేవులో ఒకసారి, ఆ తర్వాత మరోసారి తీసి చదువుకున్నాడు. యానాం వంతెన దాటేసరికి కాగితం చూడక్కర్లేకపోయింది. పక్కకి తిరిగాడు, ఎవరికో చెప్పబోతున్నట్టు. ఆ సీటులో ఎవరూ లేరు.