వజ్రంలో లోతుకు జారిపోయిన అయాన్ల కోసం కశింకోట దాకా

ఎనిమిది నెలలు ఒకే తప్పును వెతికి వెతికి అలిసిపోయాక ఈ ప్రయాణం పెట్టుకున్నాను. నేను చేసే పని ఇది: గోరంత వజ్రపు పలకలోకి యంత్రంతో నైట్రోజన్ అయాన్లను దూర్చుతాం. అవి దూసుకెళ్లేటప్పుడు లోపలి కార్బన్ పరమాణువులు కొన్ని చెదిరి, వాటి చోట ఖాళీలు మిగులుతాయి. తర్వాత పలకను వాక్యూమ్‌లో ఎనిమిది వందల డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ ఖాళీలు మెల్లగా కదిలి, కొన్ని నైట్రోజన్ పక్కకు చేరతాయి. ఆ జంట ఆకుపచ్చ లేజర్ కింద ఎర్రగా వెలుగుతుంది, దగ్గరున్న అతి చిన్న అయస్కాంత క్షేత్రాన్ని కూడా పసిగడుతుంది. పైపొరకు బాగా దగ్గరగా ఉంటేనే.

నా దగ్గర నాలుగు పలకలు. మొదటి రెండింటిని వేడి చేశాను. వెలుగు వచ్చింది గానీ, పైన ఏం పెట్టినా పసిగట్టలేదు. వేడి చాలలేదని మా గైడ్ అనుమానం. మిగిలిన రెండింటినీ వచ్చే వారం ఇంకా ఎక్కువ వేడికి పంపుదామన్నారు. అవి పాడైతే నా థీసిస్‌కి ఇంకేం మిగలదు. నా అనుమానం మాత్రం అయాన్లు దూర్చేటప్పుడు పలకను వంచిన కోణం మీద; రిజిస్టర్లో ఏడు డిగ్రీలని ఉంది. అయాన్లను దూర్చిన ఆపరేటర్ అప్పలనాయుడు గారు రిటైరై సొంతూరు వెళ్లిపోయారు. పంపుల హోరులో ముప్పై ఏళ్లు పనిచేసి చెవులు పోయాయి కాబట్టి ఫోనులో మాట్లాడలేరు. అందుకే వెళ్లాను.

సికింద్రాబాద్ నుంచి వచ్చిన రైలు ఉదయం ఆరున్నరకు అనకాపల్లిలో దింపింది. కళ్లు మండుతున్నాయి. కశింకోటకు షేర్ ఆటో ఇరవై రూపాయలు, కానీ నిండేదాకా కదలదు. అరగంట కూర్చున్నాను.

"ఏటమ్మా, ఆస్పత్రికా? మొకం అలాగుందేటి?" అన్నాడు డ్రైవర్.

"కాదండీ, ఒకాయన్ని కలవాలి" అని పేరు చెప్పాను.

"మిసన్ల నాయుడు గారా? ఆయన ఊరు రోడ్డు మీద కాదు. కశింకోట్లో దిగి ఇంకో ఆటో కట్టించుకో."

ఆ రెండో ఆటోకి ఎనభై అయింది. ఎనిమిదిన్నరకు చెరకు చేల పక్కనున్న పెంకుటింటి ముందు దిగాను.

నాయుడు గారు నన్ను గుర్తుపట్టారు. ఆయన భార్య సత్యవతి గారు రాగిపిండితో కాచిన చోడంబలి గ్లాసు చేతికిచ్చి, "ముందు తాగమ్మా, మాటలు తరవాత" అన్నారు. తాగి, నోట్‌బుక్ తీసి పెద్ద అక్షరాలతో రాశాను: 'నా పలకలను ఏడు డిగ్రీలు వంచే పెట్టారా?'

ఆయన కాగితాన్ని వెలుగులోకి తిప్పి చదివారు.

"మొదటి రోజు వంచలేదమ్మా. పలకని వంచే స్టాండు ఇరుక్కుపోనాది. ఫిట్టరు మర్నాడుకి గానీ రాలేదు. మీ ఒకటీ రెండూ తిన్నగానే పెట్టేసేను. రిజిస్టర్లో మాత్తరం ఏడనే రాసేసేను. అలవాటు."

"ఏటైంది?" అని సత్యవతి గారు ఆయన భుజం తట్టి సైగ చేస్తూ అడిగారు.

ఆయన చెరకు చేను వైపు చెయ్యి చూపించారు. "సాళ్లకి ఎదురుగా నిలబడి రాయి ఇసిరితే అటు చివరిదాకా పోతాది గదా? ఓరగా ఇసిరితే మొదటి చెరకు గెడకే తగిలి ఆగిపోతాది. వజ్రంలోనూ పరమాణువులు సాళ్లలాగే ఉంటాయి. నాను ఎదురుగా కొట్టేసేను. ఈయమ్మకి పైపొర దగ్గర కావాలంటే అవి లోతుకెళిపోనాయి."

'మూడూ నాలుగూ?' అని రాశాను.

"స్టాండు బాగయ్యాకే కదా. అవి వంచే పెట్టేను."

రైల్లో ఆయన్ని అనాల్సిన మాటలు చాలా అనుకున్నాను. అవన్నీ వదిలేసి నోట్‌బుక్ ఆయన ముందుకు జరిపాను. ఆయనే నా పెన్ను తీసుకుని జరిగిందంతా రాసి, కింద సంతకం చేశారు. "మీ సారుకి సూపించు. నా పేరే సెప్పు. ముప్పయ్యేళ్లలో ఇదొక్కటే అని సెప్పలేను, నాకు తెలిసింది ఇదొక్కటే" అన్నారు. సత్యవతి గారు లోపలికి వెళ్లి అన్నం పెట్టారు. ముగ్గురం కలిసి తిన్నాం.

మిగిలిన పలకలు ఎక్కువ వేడికి వెళ్లలేదు. మూడోదాన్ని మామూలు వేడికే పెట్టాను. మూడు వారాలకు, పైన పెట్టినదాన్ని అది పసిగట్టినట్టు సన్నటి సంకేతం కనిపించింది. సంతోషం కన్నా ముందు నిద్ర వచ్చింది. ఆ తర్వాత నా పాత నోట్సు తిరగేశాను. కొలవకుండా, నిన్నటి అంకె చూసి ఇవాళ్టి గడి నింపిన రోజులు అందులోనూ ఉన్నాయి. వాటిని ఎర్ర ఇంకుతో చుట్టి గైడ్ బల్ల మీద పెట్టి వచ్చాను.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: లోపలి ఊళ్ల నుంచి తిరుగు ఆటో దొరకదు. దింపిన డ్రైవర్ నంబరు దిగేముందే తీసుకోండి. నేను తీసుకోలేదు, కశింకోట దాకా ఎండలో నడిచాను.